పోర్టు మూసి ఉంది

బుర్గాస్ రేవులో ఇది మూడో రాత్రి.
గాలి తగ్గేదాకా పడవ కదలదని
గాజు గదిలోంచి ఒక చెయ్యి అడ్డంగా ఊగింది.
నా వెనక నలభై లారీలు, ముందు నల్ల సముద్రం,
స్టీరింగు పక్కన ఫోను,
ఫోనులో గానుగెద్దులా తిరుగుతున్న గుండ్రం.

సర్వర్ అందుబాటులో లేదు.

సర్వరంటే మరీ పెద్ద మాట.
జెస్తాఫోనిలో మా నేలమాళిగలో
ద్రాక్షసారా సీసాలకీ ఊరేసిన టమాటాలకీ మధ్య
మూత ఊడిన పాత కంప్యూటరు.
ఆరువందల సినిమాలు,
ఫ్యాక్టరీ క్లబ్బు వాళ్ళు తీసిన కుస్తీపోటీల టేపులు,
ఒక చలికాలమంతా కూర్చుని నేనే ఎక్కించాను.
నిద్ర పట్టని రాత్రి వాటిలో ఏదో ఒకటి
లారీలో నా పక్కన పడుకుంటుంది.

ఇక్కడి పోర్టు గాలికి మూశారు.
అక్కడి పోర్టు ఎందుకు మూసుకుందో తెలీదు.

ఖతూనాకి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ.
ఇంట్లో ఉన్నది ఎటేరి అత్త ఒక్కతే.
పదకొండింటికి లేపాను.

"అత్తా, కిందికెళ్ళి రౌటరు దీపాలెలా ఉన్నాయో చెప్పు."
"నాలుగు పచ్చివి నాయనా, ఒకటి దోరగా ఉంది."
"ఆర్పి, ముప్ఫై లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యి."
లెక్కపెట్టింది. పద్దెనిమిది దగ్గర
ఒక జాడీకి బూజు కనబడి తిట్టుకుని
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

తర్వాత కళ్ళజోడు వెతుక్కుని
లాప్‌టాప్‌లో అంకెలు ఒక్కొక్కటే చదివింది,
మందుచీటీ చదివినట్టు.
రౌటరు తనదని చెప్పుకునే చిరునామా ఒకటి,
లోకానికి కనబడేది ఇంకొకటి.
అర్థమైంది. కంపెనీవాళ్ళు పొదుపు చేశారు.
వీధి మొత్తానికీ ఒకటే గుమ్మం పెట్టారు.
నేను తట్టిన తట్టు ఆ గుమ్మం దాకా వెళ్ళి
ఎవరింటికని అడిగితే చెప్పలేక నిలబడింది.

"పోనీ, టీవీలో వస్తోందేమో
ఏదో ఒకటి పెట్టి చూడత్తా.
ఇంట్లో ఆడితే తప్పు మనది కాదు."

ఏదో నొక్కింది.
ఫోనులో డోలు. దాని మీద సన్నాయి.
"అత్తా?"
డోలు.
"అత్తా, వస్తోందా?"
"ఇది ఎనభై తొమ్మిది," అంది చాలాసేపటికి.

ఆ పోటీ మా ఇంట్లో తెలియనిదెవరికి.
బరిలో మామ తెంగిజ్, రెఫరీ అత్త సొంత అన్న వాజా.
అన్న పైకెత్తింది అవతలివాడి చెయ్యి.
భుజం నేలకి ముట్టలేదు, వెంట్రుకవాసి ఉందని
ఆ రోజు నుంచీ ఆవిడ అన్న గడప తొక్కలేదు.
మామ నవ్వేసి మర్చిపోయి, పోయాడు కూడా.
టేపు ఎక్కించేటప్పుడు నేను చూశాను.
చూసి, నోరు మూసుకున్నాను.

"వెనక్కెలా తిప్పాలి?"
"ఎడమ బాణం."
డోలు ఆగింది, మొదలైంది. ఆగింది, మొదలైంది.
మూడుసార్లు.
నాలుగోసారి చప్పుడు తీసేసినట్టుంది.
ఆవిడ ఊపిరి ఒక్కటే వినబడింది.

"ముట్టింది," అంది.
ఏమంటాను.
అల ఒకటి రేవు గోడెక్కి దిగింది.
"అరచెయ్యంత ముట్టింది ముర్తాజ్."

లైను కట్టయింది.

మళ్ళీ చేశాను. బిజీ.
పావుగంట ఆగి చేశాను. బిజీ.
అర్ధరాత్రి దాటాక కూడా బిజీ.
కుతాయిసీలో వాజాకి ఎనభై నాలుగేళ్ళు, బొత్తిగా చెవుడు.
ప్రతి మాటా రెండుసార్లు అరిచి చెప్పాలి.

కంపెనీకి అర్జీ రాయడం మొదలెట్టాను:
అయ్యా, మా ఇంటికి విడిగా ఒక చిరునామా ఇప్పించగలరు.
సగంలో ఆపి, లైటార్పి పడుకున్నాను.
గుండ్రం తిరుగుతోంది. తిరగనీ.
ఆ దోర దీపం పండిందో లేదో
అడగడమే మర్చిపోయాను.