పదిహేడు అడుగుల బాకీ

ఈ వీధికి నేను రాసినన్ని ఉత్తరాలు
ఏ ప్రేమికుడూ రాసి ఉండడు.
సోమవారం నుంచి ఎడమ పేవ్‌మెంట్ మూసివేత,
బుధవారం పది నుంచి రెండు దాకా నీళ్లు రావు,
మీకు కలిగే అసౌకర్యానికి...
అక్కడికొచ్చేసరికి
నా చెయ్యి దానంతటదే చింతిస్తుంది.

షెఫీల్డ్‌లో, కొండవాలున, హాలోగేట్ వీధి.
పాత ఫ్లాట్ల బ్లాకులు మూడు కూలాయి.
నాలుగోది తన వంతు కోసం నిలబడి ఉంది,
ఒకవైపు గోడ లేక,
ఎవరిదో గులాబీరంగు స్నానాలగది
అందరి ముందూ వానలో తడుస్తూ.
నా ఉద్యోగం పేరు పెద్దది, పని చిన్నది:
తిట్లు తినడం, తారీఖులు చెప్పడం,
ఆ తారీఖులు తప్పాక
మళ్లీ అదే తలుపు తట్టడం.

స్టానిఫోర్త్ గారికి ఉత్తరాలు పనికిరావు.
నలభయ్యేళ్లు కత్తులకు సాన పట్టిన మనిషి,
చూపు ఎప్పుడో మొద్దుబారింది.
ప్రతి సోమవారం నా మోచెయ్యి ఆయనకిచ్చి
ఆ వారపు వీధిని వినిపిస్తాను.
ఇక్కడ ప్లాస్టిక్ కంచె, ఇక్కడ రేకు వంతెన,
ఇక్కడ నిన్న లేని గొయ్యి.
"మొన్నటి వీధిని ఏం చేశారమ్మా?" అంటారు,
పాఠం మరిచిన పిల్లాడిలా కాదు,
చెప్పకుండా పుస్తకం మార్చేసిన బళ్లో
ముసలి మాస్టారులా.

ఆయన లెక్క ఇది:
గడప నుంచి రెండొందల పద్నాలుగు అడుగులు.
అక్కడ రోడ్డు మధ్య మ్యాన్‌హోల్ మూత వదులు.
బస్సు ఎక్కితే డంగ్, దిగితే టక్.
ఆ డంగుకీ టక్కుకీ ఎదురుగా కుడికి తిరిగితే
రొట్టెల వాసన,
వాసన అయిపోయిన చోట మందుల షాపు.

ఆ మూత మీదే హొదాన్ పదకొండు ఫిర్యాదులు.
ఎదురుగా మూడో అంతస్తు, ఏడు నెలల పాప.
రాత్రి బస్సు వెళ్లిన ప్రతిసారీ
ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి.
పన్నెండోసారి ఫోన్ రాలేదు.
ఆమే ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూచుని,
నోరు తెరవబోయి
నిద్రపోయింది.
నేను టీ పెట్టాను. చల్లారాక పారబోశాను.
ఫెర్గల్‌కి రాశాను: మూత. ఇవాళే.

ఫెర్గల్ పనిమంతుడు.
చట్రం ఊడదీసి, మట్టం చూసి, బిగించి,
రోడ్డు అంచున నీళ్ల గ్లాసు పెట్టి చూపించాడు.
డబుల్ డెక్కర్ వెళ్లినా తొణకలేదు.
నేను ఫారంలో టిక్కు పెట్టాను.

మర్నాడు స్టానిఫోర్త్ గారు
మందుల షాపు దాటి, పోస్టాఫీసు దాటి,
రింగురోడ్డు హోరు దాకా వెళ్లిపోయారు.
ఎవరో కంకర లారీ డ్రైవరు
పక్క సీట్లో కూచోబెట్టుకుని తీసుకొచ్చాడు.
చింతిస్తున్నాం.
ఆ రాత్రి ఆ మాటకి నా పళ్లు పులిశాయి.

సోమవారం తెలివిగా ఒక ఉపాయం చెప్పాను:
"పాప ఏడుస్తుందిగా, ఆ ఏడుపు దగ్గర తిరగండి."
కిటికీ కింద నిలబడ్డాం ఇద్దరం.
రెండు బస్సులు పోయాయి, మెత్తగా, మాట్లాడకుండా.
పైన ఏమీ లేదు.
"నిద్రపోతోందా?"
"నిద్రపోతోంది."
"గట్టిగానేనా?"
"గట్టిగానే."
ఆయన కాసేపు ఆ నిశ్శబ్దాన్నే చెవొగ్గి విన్నారు.
"అయితే సరే," అన్నారు. "లేపకండి."

వెనక్కి వెళ్లి గడప నుంచి మళ్లీ లెక్కపెట్టాం.
కొత్త పేవ్‌మెంట్ వెడల్పు, నునుపు,
మొక్కల తొట్ల చుట్టూ వంకర.
రెండొందల ముప్ఫై ఒకటి.
"పదిహేడు ఎక్కువ," అన్నారు.
"కౌన్సిల్ నాకు బాకీ. రాసుకోండి."

ఫారంలో గళ్లున్నాయి:
దుమ్ము, శబ్దం, నీరు, పార్కింగ్.
అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా ఇరుగ్గా, ఇతరములు.
రాశాను.
పదిహేడు అడుగులు, స్టానిఫోర్త్, ఇంటి నంబరు నలభై.
పరిష్కరించిన తేదీ దగ్గర పెన్ను ఎత్తేశాను.
వచ్చే సోమవారం వానట.
గొడుగు ఆయనే తెస్తానన్నారు.