ఖాళీ బరువు

రాజాం దాటాక జూట్ మిల్లు గేటు పక్కన
ఇరవై రెండేళ్ళుగా కాటా గుమస్తాని.
లారీ ఎక్కగానే అంకె చదవను.
డ్రైవరు ఇంజను ఆపాలి, క్లీనరు దిగాలి,
అంకెలు వణకడం మానాలి.
అప్పుడు రాస్తాను చీటీ.

అలాంటోణ్ణి,
మా అప్ప తవిటమ్మ బోరింగు దగ్గర జారి
తుంటి విరగ్గొట్టుకున్న పొద్దున
అంబులెన్సులో బల్ల మీద కూచుని
మేనల్లుడి ఫోనులో చుక్కలు లెక్కపెట్టాను.

"మావా, ఇది నాలుగు పాయింటు ఎనిమిది.
ఇదేటి, మూడు పాయింటు ఒకటి... దీన్నొగ్గీ" అన్నాడు సిమ్మన్న.

నాలుగు పాయింటు ఎనిమిది కింద చదివాను.
పార్కింగు బాగుందట.
కేంటీన్లో ఇడ్లీ మెత్తగా ఉందట.
తొమ్మిది మంది ఒకే రోజు ఒకే మాట రాశారు,
ఒకే అక్షరం తప్పుతో.
గోగునార మోపుకి నీళ్ళు కొట్టి తెస్తారు కొందరు.
పైన పొడిగానే ఉంటుంది.
మధ్యలోకి చెయ్యి దూరిస్తే తెలుస్తుంది.

తెలిసీ వెళ్ళాం. భయం చుక్కల వైపే నడుస్తుంది.

గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.
తెల్లకోటు కుర్రాడు చాలా మర్యాదగా
అప్ప షుగరు చూశాడు, గుండె కాగితం చూశాడు,
వయసడిగాడు.
అన్నీ రాసుకుని కలానికి మూత పెట్టేశాడు.
"ఇలాంటి కేసులు మేం తీసుకోమండీ."
తలుపులు అంతే మర్యాదగా మూసుకున్నాయి.

వాళ్ళ గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం:
తుంటి ఆపరేషన్లు నూట నలభై, మరణాలు సున్నా.
ఆ సున్నాలో మా అప్ప లేదు.
ఉండనివ్వరు కూడా.

మూడు పాయింటు ఒకటికి,
అదే, విజయనగరం పెద్దాసుపత్రికి,
చేరేసరికి మధ్యాహ్నం రెండు.
స్ట్రెచరు చక్రం ఒకటి తిరగనంది.
బాత్రూముల గురించి జనం రాసింది నిజమే, ఒప్పుకుంటాను.
'మా నాన్నని చంపేశారు' అని రాసిన మనిషీ ఉన్నాడు.
ఆ కోపాన్ని తూచే కాటా నా దగ్గర లేదు.

ఎముకల వార్డులో సలోమి సిస్టరుని
నాకు తెలిసిన పద్ధతిలోనే అడిగాను.
నెలకి ఇలాంటివి ఎన్ని చేస్తారు?
ఎంతమందికి చీము పడుతుంది?
ఎంతమంది మళ్ళీ ఇదే మంచానికి తిరిగొస్తారు?

కసురుకుంటుందనుకున్నాను.
మందుల ట్రే కింద పెట్టి
రిజిస్టరు నా వైపు తిప్పింది.
"చూసుకోండి. పోయినవాళ్ళూ ఉన్నారిందులో.
కానీ ఎలా వచ్చారో, ఆ గడి కూడా చదవండి."

చదివాను.
సాలూరు కొండల్లోంచి డోలీలో దిగి
మూడోనాటికి చేరినామె.
రెండు ప్రైవేటుల్లో డబ్బయిపోయాక
రాత్రి పదకొండుకి ఆటోలోంచి దించేసినాయన.
పేరు రాసే చోట 'తెలీదు' అని ఉన్న ఒకాయన.

ఖాళీ లారీ బరువు తియ్యకుండా
సరుకింత అని రాస్తే
ఆ సాయంత్రమే నా ఉద్యోగం పోతుంది.
ఇరవై రెండేళ్ళుగా ప్రతి చీటీ మీదా తీస్తున్నవాణ్ణి,
చుక్కల దగ్గర ఎలా మర్చిపోయాను?

అప్పకి గురువారం ఆపరేషను.
ఏమవుతుందో రిజిస్టరు చెప్పలేదు,
సిస్టరూ చెప్పలేదు.
అప్ప మాత్రం నన్ను వంగమని
చెవిలో చెప్పింది:
"ఒరే, ఆ సిస్టరమ్మ దుప్పటి కప్పినప్పుడు
ఇరిగిన కాలికి తగల్నీకుండా కప్పినాదిరా."
అది ఏ గడిలో రాస్తారో.

రాత్రి వరండాలో ఫోను మోగింది.
'మీ అనుభవం ఎలా ఉంది?'
కింద అయిదు ఖాళీ చుక్కలు.
సిమ్మన్న వేలు చాపాడు.

ఆగరా, అన్నాను.
ఇంకా ఇంజను ఆగలేదు.