గెడ్డ పోరంబోకు

నేను చైన్‌మన్‌ని. ముప్ఫయ్యొక్కేళ్ళు
గొలుసు ఒక కొస పట్టుకుని నడిచాను.
రెండో కొస ఎప్పుడూ సర్వేయరుది.
నూరు లింకులు. వైశాఖం ఎండలో
పెనం మీది అట్లకాడలా అరచెయ్యి కాల్చేది.

ఆనందపురం అవతల, జీడితోపులు అయిపోయి
కొండ కాస్త నడుం వంచే చోట
ఒక గెడ్డ ఉండేది, పేరు పెట్టేంత పెద్దది కాదు.
ఎఫ్‌ఎంబీలో రెండు చుక్కల గీతలు,
మధ్యలో బాణం గుర్తు: నీరు ఇటు పోతుంది.
అడంగల్లో గెడ్డ పోరంబోకు.
అనుభవదారు గడిలో
ఎవరూ లేరు.

ఎవరూ లేరంటే,
ముగడ సన్నెమ్మా, ఆమె పద్నాలుగు మేకలూ.
మొగలి పొదల కింద కౌజుపిట్టలు.
చీపుళ్ళకి ఈతాకు కోసుకునే అక్కచెల్లెళ్ళిద్దరు.
ఒక అలుగు. ఒక్కసారే చూశాను,
నా టార్చి వెలుగుకి ముడుచుకుని
తాళంకప్పలా కూర్చుండిపోయింది.
ఇంకా, ఏడాదికి నలభై రోజులు, నీళ్ళు.

ఉద్యోగం రాకముందు మా నాన్న నన్ను
పోరంబోకు వెధవా అనేవాడు.
వచ్చాక పోరంబోకు కొలవడమే నా పనయింది.

మొదట అటవీశాఖ వాళ్ళొచ్చారు. పచ్చదనం అన్నారు.
ముళ్ళకంచె, వరసగా కోనోకార్పస్, ఒక బోర్డు.
పశువులు మేపరాదు అని రాసుంది దాని మీద.
సన్నెమ్మకి చదువు రాదు.
మేకలు ఆ బోర్డు కొయ్యకి వీపు గోక్కునేవి.
తర్వాత మెరక చేసే లారీలొచ్చాయి.
వాళ్ళూ పచ్చదనమే అన్నారు. ఈసారి లాన్.
సముద్రం కనపడే బాల్కనీలు, బొమ్మలో.

ఆ పొద్దున సర్వేయరు బాబు టీ తాగుతూ
నా వైపు చూడకుండా అన్నాడు:
"ఎల్లాజీ, గొలుసు కాస్త వదులుగా పట్టు."
అంతే. మేం ఏ కాగితమూ చింపలేదు,
ఎవరి సంతకమూ పెట్టలేదు.
గొలుసు పొట్ట పొదల మీద కొద్దిగా వేలాడింది,
ఎనభై లింకుల గెడ్డ
నేల మీద డెబ్బైకి వచ్చింది.
మిగతాది రాయి చూసుకుంది.
సరిహద్దు రాయి ఆ రాత్రి పది గజాలు నడిచింది,
నా భుజం మీద.

నాకు ముట్టింది మా చిన్నదాని
నర్సింగు ఫీజు. ఒక్క టెర్ము.

ఇప్పుడు కేసట, గ్రీన్ ట్రిబ్యునలట.
కిందటి తుఫానుకి సెల్లారులో కార్లు తేలాయి.
బాణం గుర్తు ఎటు చూపిందో
నీళ్ళు అటే పోయాయి మరి.
కొత్త తాసిల్దారమ్మ, చిన్నపిల్ల, రోవరుతో వచ్చింది.
"పదహారు ఉపగ్రహాలు దొరికాయండి," అన్నాడు కుర్రాడు.
రాయి మాత్రం దొరకలేదు.
పింఛనుదారుణ్ణి నన్ను పిలిపించి
"మీకేమైనా గుర్తుందా?" అని అడిగింది,
కుర్చీ వేయించి మరీ.
కుర్చీ లేకపోతే అబద్ధం చెప్పేవాణ్ణేమో.

రాయి ఎక్కడికీ పోలేదు.
వెనక గేటు దగ్గర వాచ్‌మన్ రేకుల షెడ్డు,
దాని పక్కన కుళాయి, కుళాయి కింద అది.
మీది ఇంటూ గుర్తు సబ్బుకి అరిగి
సగం మిగిలింది.
రాయి మీద చీర బాదుతోంది సన్నెమ్మ.
వాచ్‌మన్ ఆమె కొడుకే.
మేకల్లో మిగిలిందొకటి, గేటు ఊచకి కట్టేసుంది.

చెప్పాను. అంతా, గొలుసు వదులు దగ్గర్నుంచి.
ఆమె చీర పిండింది. నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి.

"రాయే కదేటి, అట్టుకుపో.
నానిక బట్టలెక్కడ ఉతకాలో
అదీ కొలిసి సెప్పీసి పో."

రాయిని కదిపి చూశాను.
అప్పుడింత బరువు లేదు.