గేటు ఎత్తినంక

తెర మీద గీత నిలవదు.

నీళ్ళ డ్రమ్మంత ఉక్కు గదిలోంచి
పొద్దటినుంచీ గాలి తోడుతూనే ఉన్నాం.
ఒక పంపు దగ్గుతుంది, ఒకటి సన్నగా ఈల వేస్తుంది.
ఓదెలు గోడకు అరచెయ్యి ఆనించి
"ఇంక జరంత ఉన్నది సార్" అంటాడు,
లోపల మిగిలిన గాలిని తడిమినట్టు.

జీనాన్ కొనే స్తోమత లేదు మాకు.
ఆర్గాన్‌తోనే సరిపెడతాం.
తీగల మీద వేలాడే టీ కప్పంత ఇంజిను
స్విచ్చి వేస్తే
వంగపూవు రంగులో వెలుగుతుంది.
దాని తోపు పది వడ్లగింజల బరువు.

"గింతేనా సార్?" అని నవ్వింది తహసీన్ మొదటి రోజు.
బోర్డు మీద రాశాను:
పది గింజలతో నెట్టు. ఆపకు.
రాత్రీ పగలూ, నెలా, ఏడాదీ.
అడ్డంపడే గాలి లేనిచోట
చిన్న తోపు కూడా లెక్కలోకి వస్తుంది.
ఆ పిల్ల దించుకోలేదు. కిటికీ వంక చూసింది.

గొడవంతా కాజీపేట పట్టాలతోనే.
రామగుండం నుంచి బొగ్గు గూడ్సు,
యాభై ఎనిమిది వ్యాగన్లు,
నేలను వణికించి
నా పది గింజలు బుక్కి పోతుంది.
రబ్బరు దిమ్మలు పెట్టాం. ఇసుక పెట్టెలు పెట్టాం.
ఆరు నెలలు పోయాయి.

"మా అబ్బా గేటు కాడ డ్యూటీ చేస్తడు" అంది ఒకనాడు,
ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో మరి.
"గూడ్సుకు టైమంటూ ఉండదు సార్.
గేటు ఎత్తంగనే ఫోన్ చేస్తడు."

రాత్రి రెండుంబావుకు మోగింది.
"ఎత్తిన బిడ్డా. పన్నెండు నిమిషాలుంటది."
ఓదెలు ఫ్యాను ఆపాడు.
నేను ఎందుకో చెప్పులు విడిచాను.

గీత లేచింది.
లేచి, నిలబడింది.
రెండు పాయింటు మూడు మిల్లీన్యూటన్లు.
నా గొంతులోంచి మాట రాలేదు.

"ఆఫ్ చేసి మళ్ళ చేద్దాం" అంది తహసీన్,
"ఒక్క రీడింగు రీడింగే కాదని మీరే అన్నరు గద."

రెండోసారి తీశాం. మూడోది సగంలో ఉండగా
ఫోను. ఖాళీ వ్యాగన్లు, వెనక్కి పోతున్నవి.
ఓదెలు ఫ్యాను వేసి
చాయ్‌కి నీళ్ళు పెట్టాడు.
గిన్నెలో నీళ్ళు వలయాలు వలయాలుగా వణుకుతుంటే
ఆమె వ్యాగన్లు లెక్కపెడుతూ కూర్చుంది,
పెన్ను మూత పంటికింద పెట్టుకుని.