మీగడ

"పొరందప్ప ఎన్న వెయిట్‌మా?"
పెరంబూరు రైల్వే ఆస్పత్రి, రెండో అంతస్తు వరండాలో
ఫారం నింపుతూ అడిగింది నర్సు స్టెల్లా.
నలభై ఆరేళ్ల మగమనిషికి
పుట్టినప్పటి బరువుతో పనేంటని
అమ్మ నా మొహం చూసింది.

నాకు తెలుసు. ఇంట్లో వెయ్యిసార్లు విన్న లెక్కే.
ముందు నేను, పావుగంట తర్వాత వాడు.
పదో రోజున నాన్న మమ్మల్ని తువ్వాల్లో చుట్టుకుని
రేషన్ షాపుకెళ్లి
చక్కెర తూచే పళ్లెంలో పెట్టించాడట.
నేను రెండున్నర.
యతిరాజు రెండు కిలోల రాయిని కదపలేకపోయాడు.
అది తీసి కిలో పెట్టి, అరకిలో చేర్చి,
ఆ పైన ఒక్క వంద గ్రాములు వేసి
"ఇంతేనప్పా" అన్నాడట షాపాయన,
తూకంలో తానే మోసం చేసినట్టు
తల దించుకుని.

ఆ రోజు నుంచి అమ్మకి ఒకటే పని.
మీగడ వాడిది, మజ్జిగ నాది.
నేతిముద్ద వాడిది, గిన్నె అడుగున గోకు నాది.
ఏడాదికల్లా నన్ను అందుకున్నాడు.
మూడేళ్లకి దాటిపోయాడు.
కోచ్ ఫ్యాక్టరీ కాలనీ వార్షికోత్సవంలో
బొద్దుపిల్లల పోటీ, మొదటి బహుమతి ఇత్తడి చెంబు.
ఫొటోలో అంతా వాడి బుగ్గలే.
వెనక నుంచి, పడిపోకుండా
నడుం పట్టుకున్న అమ్మ చెయ్యి మాత్రం కనిపిస్తుంది.
నేను లేను ఆ ఫొటోలో.

నలభై ఏళ్లు మోశాను ఆ మీగడని.
మా ఇంట్లో ఏ మాట మరిగినా
అదే పైకి తేలేది.
నాన్న పోయాక సామాన్లు పంచుకున్న రోజు
ఆ ఇత్తడి చెంబు నాకే కావాలని పట్టుబట్టి తెచ్చుకుని
అటకమీద పడేశాను.

డాక్టరు కుర్రవాడు.
మూడు రక్తనాళాలు పూడుకుపోయాయని చెప్పి
రిపోర్టు కవరు వెనక ఒక గీత గీశాడు:
కింద మొదలై, నిట్టనిలువుగా లేచిన గీత.
కడుపులోనే కరువుకి అలవాటుపడిన ఒళ్లు,
బయటికొచ్చాక ఆదరాబాదరా పెంచితే
పెద్దయ్యాక గుండెమీద బరువు పడొచ్చట.
"శాపం కాదమ్మా, మొగ్గు, అంతే.
బీడీలున్నాయి, రాత్రి షిఫ్టులున్నాయి,
మీ నాన్నగారి గుండె ఉంది,
మాకే తెలియనివి ఇంకెన్నో ఉన్నాయి."

అమ్మకి అరవం బాగా వచ్చు.
రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని
వాటినే చూస్తూ కూర్చుంది.
వేళ్లకి నెయ్యి ఇంకా అంటుకునే ఉన్నట్టు
కొంగుతో తుడిచింది, మళ్లీ తుడిచింది.

నీ తప్పు కాదమ్మా అనాలి.
ఎన్నో ఏళ్లుగా తప్పని నేనే సాధించాను కదా,
నోరెలా వస్తుంది?
అప్పుడు తట్టింది,
చక్కెర పళ్లెం కన్నా ముందు,
అమ్మకి మేం ఇద్దరమని తెలియకముందు,
ఆ చీకటి గదిలో ఒకటే వంటిల్లు.
తొమ్మిది నెలలు పక్కపక్కనే కూర్చుని తిన్నాం.
రెండున్నర, కిలోన్నర పైన వంద.
మీగడ ముందు ఎవరు తిన్నారో
ఎవరూ అడగలేదు.

స్టెల్లా గడిలో ఒకటి పాయింట్ ఆరు అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.
గాజు తలుపు అవతల
వాడు కళ్లు తెరిచి
నన్ను వెతుక్కున్నాడు, అమ్మని కాదు.

"వాడికిప్పుడు ఏం పెట్టొచ్చో కనుక్కోవే" అంది అమ్మ,
గొంతు పెగలక.
"మజ్జిగ" అన్నాను.
"వెన్న తీసింది. ఉప్పు వెయ్యకు.
నేను తెస్తాలే."