పెరటి బోర్డు

ఆగస్టు మొదటి మంగళవారం
నూట పద్దెనిమిది ఓట్లతో గెలిచాం.
గెలిచాం అన్న మాట
ఇంకా చేపముల్లులా గొంతులోనే ఉంది.

మిషిగన్, బే సిటీ.
నదికి ఇటు ఒడ్డున మా పార్టీ ఆఫీసు
ఒకప్పుడు చెప్పుల కొట్టు.
పాదాలు కొలిచే ఇనప పలక
గోడకి ఇంకా వేలాడుతోంది.
ఏప్రిల్ నుంచీ ఆ గదిలో అందరం చేసింది అదే పని,
ఒకరినొకరు కొలుచుకోవడం.

నువ్వు థియోడోరా మనిషివా, పెలరిన్ మనిషివా?
కాఫీ పోసే ముందు అడిగేవాళ్లు.
నర్సుల సంఘం ఇటు, పడవల కార్ఖానా అటు.
చర్చి వంటింట్లో శుక్రవారం పిరోగీలు చుట్టే బల్ల
ఎప్పుడు రెండు బల్లలైందో
ఫాదర్‌కి కూడా తెలీదు.

జూన్‌లో, లైబ్రరీ హాల్లో, చర్చ.
"ఈవిడ చేతికి తాళాలిస్తే
బడి గంట కూడా అమ్మేస్తుంది" అన్నాడు పెలరిన్.
మేం ఊరుకున్నామా?
"ఇతనికి ఊరి పేరు తెలుసు, ఊరు తెలీదు"
అని కరపత్రం వేశాం.
రాసింది నేనే.
రాసిన రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అవతలి పార్టీ ఆయనకి లోపల పోటీయే లేదు.
వేసవంతా సంతల్లో తిరిగాడు,
దూడల్ని నిమిరాడు, చెర్రీ పై తిన్నాడు,
ఎవర్నీ ఒక్క మాట అనలేదు.
అనాల్సినవన్నీ
మేం అనుకుంటూనే ఉన్నాంగా.

అక్టోబర్‌లో టీవీలో ప్రకటన.
ముప్పై సెకన్లు. మన హాలు, మన జెండా,
మన పెలరిన్ గొంతు:
తాళాలు, బడి గంట.
ఆయన ఖర్చల్లా కత్తెరకే.

పెలరిన్ వేదికెక్కాడు, కాదనను.
థియోడోరా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు,
అలిగి వచ్చిన మేనమామ పెళ్లి ఫొటోలో నవ్వినట్టు నవ్వాడు.
కెమెరాలు సర్దేలోపే
ఆ చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది.

సాయంత్రాలు ఫోన్లు చేస్తాం.
పదకొండు కుర్చీలు, నలుగురం.
ఓటర్ల జాబితాలో కొన్ని పేర్ల పక్కన
'పె' అని ఎర్ర సిరా.
వీళ్లని వదిలేయండి అని అర్థం, అప్పట్లో.
నా చేతిరాతే, నా భాషలో,
వేరేవాళ్లు చదవకూడదని.
ఇప్పుడా 'పె'లందరినీ
నేనే బతిమాలుకోవాలి.

ఒకావిడ నా పేరు వినగానే పెట్టేసింది.
ఒకాయన, "ఎన్నికల రోజు ఊళ్లో ఉండను, జింకల వేట" అన్నాడు.
వేట పదిహేనున గానీ మొదలవదని
ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.
"మంచి జింక దొరకాలి" అన్నాను.

లెక్కలు నాకొచ్చు, మందుల కొట్టులో బతికినదాన్ని.
పెలరిన్ వాళ్లలో నలుగురిలో ఒకరు ఇంట్లో కూర్చుంటే
ఓడిపోతాం.
ముగ్గురిలో ఒకరు అంటోంది ఫోను.

నిన్న బీట్‌దుంపల లారీల వెనక
నెమ్మదిగా నడుపుతూ
బెర్నడెట్ ఇంటి ముందు ఎందుకు ఆగానో తెలీదు.
పన్నెండేళ్లు నాతో గడపగడపా తిరిగిన మనిషి,
కుక్కలున్న ఇళ్లకి తనే ముందు వెళ్లేది.
కరపత్రం తర్వాత మాటల్లేవు.

తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.
నా కారు వెనక సీటు వైపు చూసింది,
వేసవిలో పీకిన తీగ కాళ్లకే
కొత్తగా తొడిగిన బోర్డులు.
"ఆ మాట నువ్వే రాశావు కదూ?"
"నేనే."
చాలాసేపు లారీలు వెళ్లాయి.

"ఒకటివ్వు," అంది.
"ముందు కాదు. పెరట్లో పెట్టుకుంటా."

బట్టలారేసే తీగకీ కంచెకీ మధ్య
తనే గుచ్చింది.
వానకి నేల మెత్తగా ఉంది, సుత్తి అక్కర్లేకపోయింది.
అక్కడ దాన్ని చూసేది
దుప్పట్లూ, పక్కింటి పిల్లీ.
పెరటి చెట్టు మందుకు రాదంటారు మావాళ్లు.
ఆ సామెత ఆమెకి చెప్పలేదు.

కార్లోకొచ్చి జాబితా తీశాను.
ఆమె పేరు పక్కనా ఉంది ఎర్రటి 'పె'.
కొట్టేద్దామని పెన్ను తెరిచి,
ఆగి,
పెరడు అని చదువుకున్నాను.