ఊట ముందే ఉంది

బోట్‌విన్ సన్యాసి మళ్ళీ వచ్చాడు,
దూడతోలు కాగితం, కొమ్ములో సిరా పట్టుకుని.
రోమ్‌కి పంపాలట.
"అవ్వా, రాజుగారి బట్టలు ఉతికినదానివి నువ్వే కదా,
ఏమైనా గుర్తుందా?" అంటాడు.

ఎందుకు గుర్తుండదు?
పదకొండేళ్ళు ఉతికాను ఓస్మేర్ చొక్కాలు
బూడిదనీళ్ళలో నానేసి, బండమీద బాది.
మనిషి గుట్టు పాదిరికన్నా ముందు
చాకిరేవుకి తెలుస్తుంది నాయనా.
మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ మట్టి మరకలే.
ప్రార్థన వల్ల, అని రాసుకున్నావు.
సగం నిజం.
మిగతా సగం, గొర్రెలు ఈనే వేళ
దొడ్లో చతికిలబడి
అడ్డం తిరిగిన పిల్లను బయటికి లాగేవాడు
మోచేతుల దాకా నెత్తురుతో.
ఆ నెత్తురు వేరు, యుద్ధం నెత్తురు వేరు.
చన్నీళ్ళకి ఏది ముందు వదులుతుందో
నన్నడుగు చెబుతాను.

రాసుకో: ఆయనకి సముద్రమంటే భయం.
పడవ ఎక్కితే వాంతి. ఆ చొక్కాలూ నావే.
రాయవు. నీ ఈక సిరాలో మునగనే లేదు.
నీ పుస్తకంలో ఆయన అలలకి సిలువ గుర్తు చూపితే
తుఫాను పిల్లిలా ముడుచుకు పడుకుంది.

ఇదీ రాయవు. అయినా విను.
సముద్రపు నాచు ఉడకేసుకు తిన్న చలికాలం అది.
పెగ్గా కొడుకు, పన్నెండేళ్ళవాడు,
రాజుగారి మందలో గొర్రెను ఎత్తుకుపోయాడు.
చట్టం చట్టమే అన్నాడు ఓస్మేర్.
ఉరితాడు దగ్గర ఆ కుర్రాడు
ఆయన చొక్కా అంచు పట్టుకున్నాడు.
బురద వేళ్ళు. ఐదు గుర్తులు.
ఆ సాయంత్రం బట్టల మూట తెచ్చుకోబోతే
ఒక్కటి తీసి పక్కన పెట్టి
"ఇది ఉతకొద్దు" అన్నాడు.
మంచం పైన మేకుకి తగిలించుకున్నాడు.
ఎనిమిదేళ్ళు దానికింద నిద్రపోయాడు,
లేక పోలేదో.

ఏటా మంచు పడగానే
ఈడొచ్చిన గొర్రెను భుజాన వేసుకుని
తానే నడిచి పెగ్గా గుడిసెకి వెళ్ళేవాడు.
ఆమె ఒక్కసారీ తలుపు తియ్యలేదు.
బయట గుంజకి కట్టేసి వచ్చేవాడు.
మీ మఠం గోడమీద ఉంది చూడు ఆ బొమ్మ,
తలచుట్టూ పసుపు వలయం, భుజాన గొర్రె,
మంచి కాపరి అని కింద లాటిన్‌లో.
కాపరీ కాదు, పాడూ కాదు.
అది వడ్డీ. అసలు తీరేది కాదు.

రేవులో ఆయన్ని సొంత దాయాదే నరికించాడు.
తల పడిన చోట ఊట ఉబికిందంటారు.
ఊట ముందే ఉంది నాయనా!
మా అమ్మ అక్కడే ఉతికింది, వాళ్ళమ్మా అక్కడే.
ఇప్పుడు దానిచుట్టూ రాతిగోడ, కొవ్వొత్తులు,
కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు, రొట్టెలమ్మేవాళ్ళు.
నేను తడిబట్టలు మోసుకుని
అరమైలు దిగువకి పోతున్నాను.
ఈ మహిమ నా నడుముకి తెలుసు.

"మరి ఆ చొక్కా?" అంటాడు బోట్‌విన్,
కళ్ళు మెరుస్తున్నాయి. వెండిపెట్టె చేయిస్తారట.

ఉతికేశాను.
శవాన్ని కడిగిన రాత్రే, ఆ ఊటలోనే.
వద్దన్నాడు, నిజమే. బతికున్నంతకాలం విన్నాను.
నాలుగు వేళ్ళు పోయాయి.
బొటనవేలు పోలేదు. ఎంత బాదినా.

అక్కడితో ఆపాను.
సన్యాసి మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి సంగతి వాడికి చెప్పలేదు.
మా మనవరాలు మిల్‌గిత్ కళ్ళు పుసికట్టి
మూడు వారాలు తెరుచుకోకపోతే
ఆ చొక్కా చింపి, ఊటనీళ్ళలో ముంచి,
ప్రార్థన రాక, నోటికొచ్చింది అన్నాను:
"ఓస్మేరూ, రెండు చొక్కాల కూలి బాకీ ఉన్నావు నాకు."
తెల్లారి పిల్ల కళ్ళు తెరిచి
నా చేతిలో గుడ్డను చూసి
"అవ్వా, ఇదెవరి వేలు?" అంది.